కాలనీలో రాత్రి గస్తీకి ఒప్పుకున్నారా? మీ పని ఎక్కడిదాకా, ఎక్కడ ఆగాలి?

ఎండాకాలం సెలవులొస్తే కాలనీలో సగం ఇళ్లకి తాళాలు పడతాయి. ఒకట్రెండు దొంగతనాలు జరిగాయంటే చాలు, కమిటీ వాళ్లు గస్తీకి పేర్లు రాసుకుంటారు. ఆ లిస్టులో మీ పేరుంటే ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: మన పని చూడటం, చెప్పటం. ఎవరు దొంగో తేల్చేది పోలీసులు.

ముందు స్టేషన్‌కి వెళ్లండి. ఎవరెవరు, ఏ టైములో తిరుగుతారో రాసిచ్చి, మీ ఏరియా చూసే బీట్ కానిస్టేబుల్ నంబరు తీసుకోండి. లేకపోతే పెట్రోలింగ్ బండికి అర్ధరాత్రి కనిపించే అనుమానితులు మీరే అవుతారు.

ఇద్దరిద్దరుగా తిరగండి. టార్చ్, విజిల్, ఛార్జింగ్ ఉన్న ఫోన్ చాలు. కర్ర మాత్రం వద్దు. కుక్కల కోసమని తెచ్చిన కర్రే కంగారులో మనిషి మీదకి లేస్తుంది.

ఇక అసలు కష్టమంతా కొత్త ముఖం ఎదురైనప్పుడే. కాస్త దూరంలో నిలబడి "ఎవరింటికండీ?" అని అడగొచ్చు. జవాబివ్వకుండా వెళ్లిపోతే వెళ్లనివ్వండి. బ్యాగు తెరవమనే, ఐడీ కార్డు చూపించమనే అధికారం మనకి లేదు. దారికి అడ్డం నిలబడి ఆపేస్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద మన మీదే కేసు పెట్టొచ్చు. వేసుకున్న బట్టలు, బండి నంబరు, వెళ్లిన వైపు గుర్తుపెట్టుకుని ఎమర్జెన్సీ నంబరు 112కి చెప్పండి.

మా కాలనీలో ఒకసారి తెల్లవారుజామున రెండున్నరకి భుజాన సంచితో వస్తున్న కుర్రాణ్ని నలుగురం చుట్టుముట్టాం. ముఖం మీద టార్చ్ వేశాం. భయంతో అతనికి మాట రాలేదు. మాకేమో అదే దొంగతనానికి రుజువులా కనిపించింది. వణికే చేతులతో సంచి తెరిచాడు. ఖాళీ క్యారేజీ, తడి తువ్వాలు, నూనె మరకల చొక్కా. మూడో వీధిలో కొత్తగా అద్దెకి దిగిన హోటల్ వంటమనిషి. ఆ కుర్రాడి అమ్మ ఎదురుపడితే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మరి కళ్లముందే తాళం పగలగొడుతుంటే? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, మన ఎదుటే నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది) నేరం జరిగితే మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు. రాత్రిపూట తాళం పగలగొట్టి ఇంట్లోకి చొరబడటం అలాంటి నేరమే. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ 6 గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. నిన్న సీసీ కెమెరాలో కనిపించాడనో, ఎవరో చెప్పారనో పట్టుకోవటం ఇందులోకి రాదు. స్తంభానికి కట్టి కొట్టటం నేరం. నా మటుకు నేను పట్టుకోవద్దనే చెబుతాను, అతని చేతిలో ఇనపరాడ్ ఉంటే ఏం చేస్తారు? విజిల్ ఊదండి, చుట్టుపక్కల లైట్లు వేయించండి, 112కి ఫోన్ చేయండి.

అనుమానితుడి ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, పోలీసులకి మాత్రమే పంపండి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పాకిన పుకార్లతో తెలంగాణ ఊళ్లలో జనం రాత్రుళ్లు కర్రలతో కాపలా కాశారు. హైదరాబాద్ చంద్రాయణగుట్టలో, బిచ్చమడగటానికి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపేసింది.

మొగుడూపెళ్లాల గొడవలు, పార్కు బెంచీ మీద కూర్చున్న జంటలు గస్తీ పనిలోకి రావు. ఎవరినైనా కొడుతున్నట్టు కేకలు వినిపిస్తే మాత్రం వెంటనే 112కి ఫోన్ చేయండి.

ఇంటికి వెళ్లే ముందు చూసింది, టైముతో సహా పుస్తకంలో రాయండి. ఏమీ జరగని రాత్రి కూడా "ఏమీ లేదు" అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.