వానలో, చలిలో రెండు రోజుల రైఫిల్ శిక్షణ: ఆపిల్‌సీడ్ శిబిరానికి సిద్ధపడే తీరు

అమెరికాలో ప్రాజెక్ట్ ఆపిల్‌సీడ్ పేరుతో జరిగే రైఫిల్ శిక్షణ శిబిరాలు సాధారణంగా శని, ఆదివారాల్లో ఆరుబయట నడుస్తాయి. రివల్యూషనరీ వార్ వెటరన్స్ అసోసియేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ వీటిని నిర్వహిస్తుంది. శిక్షకులు స్వచ్ఛందంగా సమయం కేటాయించి వచ్చినవారు. ఈ శిబిరంలో గురి నేర్పడం ఎంత ముఖ్యమో, 1775 ఏప్రిల్ 19న మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్, కాంకర్డ్ గ్రామాల్లో బ్రిటిష్ సైన్యానికీ స్థానికులకూ మధ్య జరిగిన పోరాటాన్ని చెప్పడం కూడా అంతే ముఖ్యం. అందుకే ఆ తేదీకి దగ్గరగా వచ్చే వారాంతంలో దేశంలో చాలాచోట్ల శిబిరాలు పెడతారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఏప్రిల్ నెల అంటే చల్లని వాన, బురద, ఈదురుగాలి. వాన పడినంత మాత్రాన శిబిరం ఆగదు. ఉరుము వినిపిస్తే మాత్రం కాల్పులు ఆపి అందరినీ కార్లలోకో భవనంలోకో పంపుతారు. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిచేవరకు బయటకు రాకూడదన్నది అక్కడి వాతావరణ శాఖ సలహా.

సామాను గురించి చెప్పేముందు తెలుగువారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. హెచ్1బి, ఎఫ్1, బి2 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని తమ వద్ద ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో (కాల్పుల సాధన స్థలంలో) ఒక గంటసేపు అద్దె తుపాకీ పట్టుకోవడం వల్ల ప్రమాదమేముందని అనుకోవద్దు. ఫ్లోరిడాలో మార్కులు సరిగా రాక విశ్వవిద్యాలయం తొలగించడంతో విద్యార్థి వీసా హోదా కోల్పోయిన ఒక యువకుడు రేంజ్‌కు వెళ్ళి కాల్చినందుకు అరెస్టయ్యాడు, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2019లో తీర్పు వెలువడింది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం వర్తించదు. అయినా రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉంటాయి: మసాచుసెట్స్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో నివసించేవారికి ముందుగా రాష్ట్ర గుర్తింపు కార్డో లైసెన్సో కావాలి. మీ హోదా విషయంలో రవ్వంత సందేహం ఉన్నా న్యాయవాదిని అడిగిన తరువాతే పేరు నమోదు చేసుకోండి. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకువెళ్తే, వారు చూడడం, చరిత్ర వినడం వరకే పరిమితం కావాలి. తుపాకీల పెట్టె మోసిపెట్టమని కూడా వారిని అడగకండి.

శిక్షణ ఎక్కువగా 25 మీటర్ల దూరంలో సాగుతుంది. కాగితం మీది బొమ్మలను 100, 200, 300, 400 గజాల దూరంలో మనిషి ఎంత కనిపిస్తాడో అంత పరిమాణానికి కుదించి ముద్రిస్తారు. అందువల్ల చిన్న తూటాలు వాడే .22 రైఫిల్ చాలు. రూగర్ 10/22 వంటి, మ్యాగజైన్ (తూటాలు నింపే చిన్న పెట్టె) తీసి పెట్టగలిగే తుపాకీని ఎక్కువమంది తెచ్చుకుంటారు. కనీసం 2 మ్యాగజైన్లు, రెండు రోజులకు 400 నుంచి 500 తూటాలు, సైన్యం వాడే రకం గుడ్డ స్లింగ్ (తుపాకీని చేతికి బిగించుకునే పట్టీ), పడుకోవడానికి చాప, చెవులకు, కళ్ళకు రక్షణ ఉండాలి. ఎండలో ఈ జాబితా సరిపోతుంది. వానలో ఇందులోని ప్రతి వస్తువుకూ ఒక్కొక్క బలహీనత బయటపడుతుంది.

దుస్తులతో మొదలుపెట్టాలి, ఎందుకంటే వానలో గురి చెడేది ముందు శరీరంలో, ఆ తరువాతే తుపాకీలో. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు జీన్స్, నూలు బనియను, పైన వానకోటు వేసుకున్నాను. బోర్లా పడుకున్న పది నిమిషాల్లో మోచేతులు, మోకాళ్ళు, పొట్ట కింది భాగం తడిసిపోయాయి. వాన పైనుంచి వస్తుందని కోటు వేసుకున్నాను గాని, పడుకున్నవాడిని తడిపేది నేల అన్న ఆలోచన నాకు రాలేదు. తడిసిన నూలు ఒంటి వేడిని నిలపదు. కాబట్టి ఒంటికి తగిలే పొరలో గాని, దాని మీది పొరలో గాని నూలు లేకుండా చూసుకోండి. లోపల సన్నని ఉన్ని లేదా పాలిస్టర్, దాని మీద దళసరి ఉన్ని, అన్నిటికన్నా పైన నీరు చొరని ప్యాంటు, కోటు వేసుకోండి. మేజోళ్ళు రోజుకు 3 జతలు పెట్టుకుంటే ఎక్కువేమీ కాదు. కోటుకున్న ముసుగు తలమీదికి లాక్కుంటే ఆదేశాలు సరిగా వినిపించవు, చెవి కప్పులు కూడా సరిగా కూర్చోవు. ముందుకు అంచు ఉన్న టోపీ పెట్టుకుంటే కళ్ళద్దాల మీద చినుకులు పడవు, పక్కవారి తుపాకీ నుంచి ఎగిరే వేడి ఖాళీ తూటా గొట్టం కళ్ళద్దాల వెనక్కి జారదు. కాలరు కూడా మూసి ఉంచండి.

చేతుల విషయం వేరుగా చెప్పాలి. ఎడమ చేతికి దళసరి తొడుగు వేసుకోవచ్చు. స్లింగ్ బిగించినప్పుడు చేతి వెనుక భాగం నొక్కుకుపోకుండా కూడా అది కాపాడుతుంది. ట్రిగ్గర్ నొక్కే వేలికి మాత్రం తొడుగు ఉండకూడదు. ఆ వేలు మొద్దుబారితే ట్రిగ్గర్ ఎంతవరకు కదిలిందో తెలియదు, నెమ్మదిగా నొక్కవలసినచోట గుంజేస్తాం. కాల్పుల మధ్య విరామంలో ఆ చేతిని వేడినిచ్చే పొట్లంతో పాటు జేబులో ఉంచుకోండి. వణుకు ఆగకుండా వస్తున్నా, మాట తడబడుతున్నా, మ్యాగజైన్‌లో తూటాలు నింపడానికి వేళ్ళు సహకరించకపోయినా, శిక్షకుడికి చెప్పి వెంటనే కారులోకి వెళ్ళి వేడెక్కండి. పిల్లలు ఈ సంగతి తమంతట తాము చెప్పరు. ప్రతి అరగంటకు వారి చేతులు పట్టుకుని చూడవలసింది తల్లిదండ్రులే.

చాప కింద టార్పాలిన్ పరిచేవారు దాని అంచులు చాపను దాటి బయటకు రాకుండా లోపలికి మడవాలి. బయటకు వస్తే అది నీటిని పట్టి మీ పొట్ట కిందికే మళ్ళిస్తుంది. తూటాలను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఒక్కో విడతకు కావలసినన్నే బయటకు తీయండి. .22 తూటాకు సీసం మీద మైనపు పూత ఉంటుంది. బురదలో పడితే ఇసుక దానికి అంటుకుని తుపాకీ గదిలో ఇరుక్కుంటుంది. కింద పడినదాన్ని తుడవకుండా నింపవద్దు, అసలు పక్కన పెట్టేయడమే మేలు. గొట్టం మూతిలోకి నీరు గాని బురద గాని వెళ్ళిందన్న అనుమానం కలిగితే కాల్చకుండా శిక్షకుణ్ణి పిలవండి, అడ్డున్న గొట్టంలోంచి కాలిస్తే అది పగిలే ప్రమాదం ఉంది.

తుపాకీ మీద గురి చూసే టెలిస్కోప్ ఉన్నవారికి చలిలో మరో ఇబ్బంది ఉంది. ఊపిరి పూర్తిగా వదిలి, తిరిగి పీల్చేలోపు వచ్చే చిన్న విరామంలో కాల్చాలని ఇక్కడ నేర్పుతారు. సరిగ్గా ఆ క్షణానికే మీరు వదిలిన ఊపిరి అద్దం మీద మంచులా పేరుకుంటుంది. పెదవులను కాస్త కిందికి వంచి, గాలిని నేలవైపు వదలడం సాధన చేయండి. మెత్తని గుడ్డను ప్లాస్టిక్ సంచిలో పొడిగా ఉంచుకోండి. మధ్యాహ్నం భోజనానికి వెచ్చని కారులోకి వెళ్ళినా తుపాకీని మాత్రం తీసుకువెళ్ళవద్దు. చల్లని అద్దం మీద నీరు పడుతుంది, పైగా శిక్షకుల అనుమతి లేకుండా తుపాకీని కాల్పుల గీత నుంచి కదపకూడదు.

ఆ గీత దగ్గర నాలుగు భద్రతా నియమాలు ఉంటాయి. గొట్టం మూతి ఎప్పుడూ సురక్షితమైన దిక్కుకే ఉండాలి. ఆదేశం వచ్చేవరకు తూటాలు ఎక్కించకూడదు. సైట్లు (తుపాకీ మీద గురి చూసే అమరిక) లక్ష్యం మీదికి వచ్చేవరకు వేలు ట్రిగ్గర్‌ను తాకకూడదు. చుట్టుపక్కలవారు కూడా వీటిని పాటిస్తున్నారా అని మీరు కనిపెట్టి ఉండాలి. వాన హోరులో నాలుగోదే అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఒకరికి వినిపించని ఆదేశం పక్కవారికి వినిపించవచ్చు. ప్రమాదం కనిపిస్తే "సీజ్‌ఫైర్" (కాల్పులు ఆపండి) అని ఎవరైనా అరవవచ్చు, కొత్తగా వచ్చిన పదేళ్ళ పిల్లకైనా ఆ అధికారం ఉంది.

ఇక అసలు గురి సంగతి. రోజు మొదట్లో ఎర్రకోటు బ్రిటిష్ సైనికుల బొమ్మలున్న కాగితం మీద 13 తూటాలు కాల్పిస్తారు. ఆ సంఖ్య తరువాత అమెరికాగా మారిన నాటి 13 బ్రిటిష్ వలసలకు గుర్తు. ఆ తరువాత స్లింగ్ బిగింపు, శరీర భంగిమ, కాల్పులో ఆరు మెట్లు, సహజ గురి నేర్పుతారు. సహజ గురి అంటే, కళ్ళు మూసుకుని ఒళ్ళంతా వదులు చేసి తిరిగి తెరిచినప్పుడు తుపాకీ దానంతటదే ఎటు చూస్తోందో అది. అది లక్ష్యం మీద లేకపోతే చేతులతో నెట్టకూడదు, ఎడమ మోచేతిని ఇరుసుగా ఉంచి మొత్తం శరీరాన్నే జరపాలి. ఎండరోజున చాలామంది ఈ పాఠాన్ని విని కూడా కండబలంతో నెట్టుకొస్తారు, ఫలితాలు కూడా ఫరవాలేదనిపిస్తాయి. చలిలో అది కుదరదు. వణికేవి కండరాలు; మోచేతి ఎముక నేలమీద ఆని, స్లింగ్ బరువును మోస్తుంటే ఆ వణుకు తుపాకీ దాకా చేరడం బాగా తగ్గుతుంది. నా మట్టుకు నాకు స్లింగ్ ఎందుకుందో అర్థమైంది ఆ తడి శనివారం మధ్యాహ్నమే. తడిసిన గుడ్డ స్లింగ్ బిగుసుకుపోయి కొక్కెం కదలదు కనుక, వాన మొదలయ్యే లోపే మీ కొలతకు సర్దుకుని ఆ చోట ఒక గుర్తు పెట్టుకోండి.

కూర్చుని కాల్చే భంగిమలో మనవారికి ఒక సౌలభ్యం ఉంది. నేలమీద బాసింపట్టు వేసుకుని భోంచేసిన అలవాటున్నవారు, కుర్చీలకే అలవాటుపడినవారికన్నా తేలికగా రెండు మోచేతులనూ మోకాళ్ళ లోపలికి ఆనించగలరు.

సైట్లు సవరించడానికి తొందరపడవద్దు. 25 మీటర్ల దగ్గర ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) సుమారు పావు అంగుళం అవుతుంది. తూటాలన్నీ ఒకచోట గుంపుగా పడి, ఆ గుంపు లక్ష్యం మధ్య నుంచి ఒక అంగుళం పక్కకుంటే సుమారు 4 నిమిషాలు, అంటే ఒక్కో క్లిక్కుకు (సవరణ మర కదిలే ఒక్కో మెట్టుకు) పావు నిమిషం జరిగే టెలిస్కోప్ మీద 16 క్లిక్కులు తిప్పాలి. చలికి చెదిరిన గుంపును చూసి క్లిక్కులు తిప్పితే మరుసటి విడత ఇంకా గందరగోళమవుతుంది. ముందు చేతులు వేడెక్కించుకుని మరో 5 తూటాలు కాల్చి చూడండి.

పరీక్షలో 40 తూటాలు, 250 మార్కులు ఉంటాయి. 210 వస్తే రైఫిల్‌మన్ గుర్తింపు పట్టీ ఇస్తారు. మొదటి దశలో నిలబడి 2 నిమిషాల్లో 10 తూటాలు కాల్చాలి. రెండో దశలో నిలబడినవారు కూర్చుని, మ్యాగజైన్ మార్చి, 55 సెకన్లలో 10 కాల్చాలి. మూడో దశలో నిలబడినవారు బోర్లా పడుకుని 65 సెకన్లలో ముగించాలి. నాలుగోది పడుకుని 5 నిమిషాల్లో నిదానంగా కాల్చేది, దానికి మార్కులు రెట్టింపు. బురదలో ప్రమాదమంతా రెండో, మూడో దశల్లోనే ఉంది. ఒక్కసారిగా కిందికి దూకవద్దు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, మూతి లక్ష్యాలవైపు ఉంచి, మోకాళ్ళు ముందు ఆనించి, ఆ తరువాత ఎడమచేతిని ముందుకు జార్చండి. దీన్ని ఇంట్లో తుపాకీ లేకుండా, చేతికర్రతో, గడియారం పెట్టుకుని 20 సార్లు చేసి చూసినవారికి అక్కడ సమయం మిగులుతుంది. మ్యాగజైన్లను పొడి జేబులో, తూటాల మొనలు ఒకే దిక్కుకు ఉండేలా పెట్టుకోండి.

మధ్యాహ్నం భోజన సమయంలో చరిత్ర చెబుతారు. వాన పడుతుంటే కారులో కూర్చుని తినాలనిపిస్తుంది గాని, దయచేసి టెంటు కిందికి వెళ్ళండి. 1775 ఏప్రిల్ 18 రాత్రి బోస్టన్ నుంచి బయలుదేరిన సుమారు 700 మంది బ్రిటిష్ సైనికులు కేంబ్రిడ్జ్ దగ్గర పడవలు దిగి, నడుము లోతు నీళ్ళలో నడిచి, తడి బూట్లతోనే కాంకర్డ్ వరకు వెళ్ళారు. ఆక్టన్ గ్రామ దళానికి నాయకుడైన ఐజక్ డేవిస్ తుపాకులు చేసే పనివాడు. తన ఇంటి వెనుకే గురి సాధనకు స్థలం ఏర్పాటు చేసి దళానికి తర్ఫీదునిచ్చాడు, కాంకర్డ్‌లోని నార్త్ బ్రిడ్జ్ అనే వంతెన దగ్గర ముందు వరుసలో నడుస్తూ 30 ఏళ్ళ వయసులో ప్రాణం విడిచాడు. 78 ఏళ్ళ శామ్యూల్ విట్‌మోర్ మెనటమీ గ్రామం వద్ద ఒంటరిగా ఎదురు నిలిచి, తూటా గాయం, బాయొనెట్ పోట్లు తిని కూడా బతికి, 1793 వరకు జీవించాడు. సాయంత్రానికి బ్రిటిష్ పక్షంలో 73 మంది, స్థానికుల్లో 49 మంది చనిపోయారు. తడి బట్టలతో, వణికే చేతులతో ఈ కథ వింటే ఆ అంకెల వెనుక మనుషులు కనిపిస్తారు. నేటి రాజకీయాలు అక్కడ మాట్లాడరు, మీరు కూడా ఎత్తవద్దు.

భోజనానికి ముందు సబ్బు, చల్లని నీటితో చేతులు, ముఖం బాగా కడుక్కోండి, ఎందుకంటే తూటాల సీసపు పొడి వేళ్ళకు అంటుకుని ఉంటుంది. మనం చేత్తో తినేవాళ్ళం కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం. పులిహోర పాడవకుండా నిలుస్తుంది, చలికి మంచి శక్తినిస్తుంది, కానీ ఆ రెండు రోజులూ చెంచాతోనే తినండి. ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకువెళ్తే పక్కవారికి కూడా సాయపడవచ్చు.

శనివారం రాత్రి అలసటతో తుపాకీని తడి పెట్టెలోనే వదిలేస్తే ఆదివారం పొద్దుటికి తుప్పు మొదలవుతుంది. గదిలోకి తెచ్చాక, తూటాలు లేవని మరోసారి చూసుకుని, పెట్టెలోంచి తీసి, గొట్టంలోకి పొడిగుడ్డ తోసి, ఇనుము మీద పలుచగా నూనె రాయండి. స్లింగ్‌ను, చాపను ఆరవేయండి. బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కితే తడి పీల్చుకుంటాయి.

ఆదివారం సాయంత్రం మళ్ళీ ఆ ఎర్రకోటు బొమ్మల కాగితమే, మళ్ళీ 13 తూటాలే కాల్పిస్తారు. శనివారం పొద్దున కాల్చినదాన్ని, ఆఖరున కాల్చినదాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోవాలంటే రెండూ చిరగకుండా ఇంటికి చేరాలి. తడి కాగితాన్ని చుట్టవద్దు, మడవవద్దు. రెండు అట్టల మధ్య పరిచి, కారు వెనుక సీటు మీద బల్లపరుపుగా పెట్టి తెచ్చుకోండి.