వానాకాలంలో తలుపు ఎంత ఉబ్బుతుందో లెక్క కట్టే పద్ధతి

శ్రావణంలో బిగుసుకుపోయిన వీధి తలుపుకు అప్పటికప్పుడే చిత్రిక పట్టించడం విజయనగరంలోని మా ఇంట్లో జరిగిన పొరపాటు; వైశాఖం వచ్చేసరికి తలుపు వేసి ఉన్నా అంచు సందులోంచి వీధి కనిపించింది. చిత్రిక పట్టే ముందు ఈ లెక్క వేసుకోవడం మేలు.

చెక్కలో తేమ సుమారు 30 శాతం దాటాక దాని కొలత మారదు. అంతకు దిగువన మాత్రమే తేమతోపాటు ఉబ్బుతుంది, తగ్గుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండే లోపు, దుంగ కోతలో కనిపించే గుండ్రటి వలయాల వెంబడి 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుంది. నిలువు పొడవులో మార్పు లెక్కలోకి రానంత స్వల్పం. ఈ అంకెలు టేకువి కనుక, బొబ్బిలి వీణకు వాడే పనసకు వీటినే వర్తింపజేయకూడదు.

వెడల్పును కుంచించే శాతంతోనూ, తేమలో వచ్చే తేడాతోనూ గుణించి, 100తో ఒకసారి, 30తో మరొకసారి భాగించాలి. గాలిలో తేమ 60 శాతం ఉన్నప్పుడు చెక్క తేమ దాదాపు 11 దగ్గర, 80 ఉన్నప్పుడు 16 దగ్గర కుదురుకుంటుంది. పలకలు అతికించి చేసిన 900 మిల్లీమీటర్ల తలుపు, వలయాల వెంబడి 5.8 శాతం లెక్కన, ఈ 5 శాతం తేడాకు 8.7 మిల్లీమీటర్లు మారుతుంది. అదే తలుపుకు చట్రం కట్టి, అందులో గాడి తీసి, పలకను జిగురు పెట్టకుండా వదులుగా కూర్చితే, 100 మిల్లీమీటర్ల నిలువు కమ్మెలు రెండూ కలిసి మారేది 1.9 మాత్రమే. పాత వడ్రంగుల చట్రం తలుపులో ఉన్న తెలివి ఇదే.

అయితే చెక్క ఒక్కరోజులో మారదు. తలుపంత మందం గల తునకకు రెండు కొసలా రంగు పూసి (కొసలే తేమను అన్నిటికంటే వేగంగా పీలుస్తాయి), వాన మొదలైన నాటి నుంచి రోజూ తూచాలి. పెరగవలసిన బరువులో సగం పెరగడానికి పట్టిన రోజులతో 0.693ను భాగిస్తే రోజువారీ గుణకం వస్తుంది. 20 రోజులైతే అది 0.035. చేరవలసిన తేమకూ నిన్నటి తేమకూ ఉన్న తేడాను ఈ గుణకంతో గుణించి నిన్నటి దానికి కలిపితే నేటి తేమ తెలుస్తుంది. ఒక్కరోజు ముసురు తలుపును ఎందుకు బిగించదో ఇక్కడే అర్థమవుతుంది.

తలుపును వైశాఖంలో బిగిస్తే, మామూలుగా వదిలే సందుకు ఈ లెక్కలో వచ్చిన కొలతను కలపాలి. శ్రావణంలో బిగిస్తే కలపనక్కరలేదు.