హుస్సేన్ సాగర్ పందెంలో దిగే ముందు

తెరచాప తాడు పట్టి ఏళ్లయిందా? ఇద్దరు నడిపే 420 తరగతి తెరచాప పడవ పొడవు 4.2 మీటర్లే, ఇద్దరిలో ఒకరు తడబడితే ఇద్దరూ నీళ్లలోనే.

- లైఫ్ జాకెట్ బకిల్స్ ఒడ్డునే బిగించి, ఒకరిది ఒకరు లాగి చూడండి.

- నీళ్లు తీసే రంధ్రాల బిరడాలు పెట్టారా? అందరూ మరిచేది ఇదే.

- చుక్కాని ఎవరిదో ముందే తేల్చుకోండి. పాత అలవాటుకొద్దీ ఇద్దరూ ఆజ్ఞలిస్తే పడవ ఎవరి మాటా వినదు. గాలి వెనక నుంచి వస్తుండగా మలుపు తిప్పేటప్పుడు, చుక్కాని పట్టినవాళ్లు గట్టిగా అరిచి చెప్పాకే తిప్పాలి. తెరచాప కింది దూలం ఒక్కసారిగా అటు నుంచి ఇటు వస్తుంది, తల వంచకపోతే పగులుతుంది.

- పెద్ద తెరచాప తాడును బిగించి వదిలేయకండి, చేతిలోనే ఉంచుకోండి. వానాకాలపు గాలి ఇక్కడ ఉన్నట్టుండి విసురుతుంది. తాడు వదిలితే ఒరిగిన పడవ మళ్లీ నిటారుగా నిలబడుతుంది.

- బోల్తా పడితే ముందు "ఉన్నావా?" అని పిలవండి, జవాబు విన్నాకే అడుగు పలక (పడవ కింద నీళ్లలోకి దిగి ఉండే పలక) ఎక్కండి. పడవ వదిలి ఈదొద్దు.

- ఈ నీరు శుభ్రమైనది కాదు. చేతికి గాయముంటే కట్టు కట్టండి, నోరు మూసుకోండి, ఒడ్డుకు రాగానే సబ్బుతో స్నానం చేయండి.

- మొదటి సంకేతం పందెం మొదలవడానికి 5 నిమిషాల ముందే వస్తుంది. అంతకంటే ముందే వెళ్లి నాలుగు మలుపులు తిప్పి చూసుకోండి.