డాన్స్ నాకు రాదు అనిపిస్తోందా? ముందు బరువు ఏ కాలి మీదుందో చూసుకోండి

పెద్దయ్యాక డాన్స్ క్లాసులో చేరినవాళ్లు ఎక్కువగా అనే మాట ఒకటే: "నాకు తాళజ్ఞానం లేదండీ." అది నమ్మేసి మానేసే ముందు వీటిని వరసగా చూసుకోండి.

పాట పెట్టగానే వెనకబడిపోతున్నారు

పాట వేగం చూడండి. ఎన్నిసార్లు చెప్పినా అందరూ వదిలేసేది ఇదే. నిమిషానికి 120 బీట్లున్న పాటలో బీటుకో అడుగంటే సెకనుకు రెండు అడుగులు. కొత్త స్టెప్పుని ఇంకా ఆలోచించి వేసే దశలో అది ఎవరికైనా ఎక్కువే. ఫోన్‌లో వేగం 0.75కి తగ్గిస్తే 90 అవుతుంది. లెక్క మనసులో కాదు, పైకే చెప్పండి. ఊపిరి బిగబట్టే అలవాటు కూడా దాంతో పోతుంది.

స్టెప్పు తెలుసు, లెక్కా తెలుసు, అయినా కాళ్లు చిక్కుపడుతున్నాయి

ఎక్కువమందిని మాన్పించేది ఇదే. పైకి తాళం తప్పినట్టు కనిపిస్తుంది కాబట్టి అసలు కారణం ఎవరికీ తట్టదు.

జంకు ఉన్నవాళ్లు పాదం నేల మీద పెడతారు గానీ ఒంటి బరువు పూర్తిగా దాని మీద వేయరు. సగం వెనక కాలి మీదే ఉండిపోతుంది. తర్వాతి బీటుకి లేవాల్సింది ఆ వెనక కాలే. బరువు మోస్తున్న కాలు ఎలా లేస్తుంది? దాన్ని ఖాళీ చేసుకునేలోపు బీటు దాటిపోతుంది. "చూశావా, నాకు రాదు" అనిపిస్తుంది. భయం పెరిగేకొద్దీ అడుగు ఇంకా పైపైన పడుతుంది, బరువు ఇంకా తక్కువ మారుతుంది. ప్రాక్టీస్ చాల్లేదనుకుని అదే అడుగుని మళ్లీ మళ్లీ వేసి, చివరికి విసిగి వెళ్లిపోయినవాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పరీక్ష సులువు. పక్కకి ఒక అడుగు వేసి ఆగండి. ఒళ్లు కదపకుండా రెండో కాలు ఎత్తండి. ఎత్తడానికి ముందు నడుం ఇంకా పక్కకి జరగాల్సి వస్తే బరువు మారలేదన్నమాట. మోకాలు బిగించకుండా, బొడ్డు ఆ పాదం మీదకి వచ్చేదాకా ఒంటిని జరపండి. పాట లేకుండా 8 లెక్కలకి ఒక అడుగు వేయండి. అది కుదిరాక 4కి, 2కి, చివరికి ఒక్కో లెక్కకి. అప్పటిదాకా చేతుల జోలికి పోవద్దు.

ఒక్కటి గుర్తుంచుకోండి. కొన్ని స్టెప్పుల్లో పాదం ఊరికే ఆనించి తీసేయాలి, బరువు వేయకూడదు. "ఇక్కడ బరువు మారుతుందా, ఆనించడమేనా?" అని నేర్పేటప్పుడే టీచర్ని అడగండి. సగం తికమక అక్కడే తీరుతుంది.

అందరూ నన్నే చూస్తున్నారని టెన్షన్

2000లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, సిగ్గుపడేలాంటి టీషర్టు వేసుకుని గదిలోకి వెళ్లిన విద్యార్థులు, అక్కడున్నవాళ్లలో సగంమంది దాన్ని గమనించి ఉంటారనుకున్నారు. నిజంగా గమనించింది దాదాపు పావువంతే. క్లాసులోనూ ఎవరి కాళ్ల గొడవ వాళ్లది. అయితే దాక్కుందామని చివరి వరసలో నిలబడకండి. అందరూ వెనక్కి తిరిగే స్టెప్పు రాగానే మీరే ముందు వరస, చూసి వేయడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. మధ్య వరస మంచిది.

మిగతావి

బీటు అసలు పట్టలేని లోపం ఉంది గానీ చాలా అరుదు. పాటకి చప్పట్లు సరిగా పడుతుంటే అది మీకు లేదు. తిరిగేటప్పుడే తడబడుతుంటే, రబ్బరు సోల్ నేలని పట్టేస్తోందేమో చూసి బూట్లు మార్చండి. మోకాలు నొప్పెడుతుంటే ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌కి చూపించండి.