శనక్కాయల మిల్లులో చెయ్యి మిషన్‌లో పడితే ఏం చేయాలి, ఏం అడగాలి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల శనక్కాయల మిల్లుల్లో వేళ్లు పోవడానికి దారితీసే పని తరచుగా ఒకటే: ఇరుక్కున్నదాన్ని చేత్తో తీయడం. పప్పు విరగకుండా కాయల మీద నీళ్లు చల్లుతారు కదా, అవి ఎక్కువైతే పొట్టు ముద్దకట్టి డికార్టికేటర్ (కాయల పొట్టు తీసే మిషన్) జల్లెడ కన్నాలు పూడుకుపోతాయి. స్విచ్ ఆపగానే లోపల చెయ్యి పెడతారు. కానీ మోటారు ఆగినా డ్రమ్ము తన బరువుకు ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. అవతల ఉన్నవాళ్లు తెలియక స్టార్టర్ నొక్కినా మిషన్ కదలకూడదు. డ్రమ్ము పూర్తిగా నిలిచాక కర్రతోనే తీయండి. బెల్టుకు, పుల్లీకి జాలీ లేకపోతే ఆ పక్కకు కొంగు, తువ్వాలు వేసుకుని వెళ్లొద్దు. జాలీ పెట్టించాల్సింది యజమానే.

చెయ్యి చిక్కుకుంటే లాగొద్దు, వెనక్కి తిప్పుదామని మోటారు మళ్లీ వేయొద్దు. కరెంటు తీసి, బెల్టు వదులు చేసి, కవరు బోల్టులు విప్పండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచి 108కి ఫోన్ చేయండి. తెగిన వేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు నీళ్లలో ఉంచండి. ఐసు నేరుగా తగిలితే కండ చచ్చిపోతుంది, అతకడానికి పనికిరాదు.

ఆసుపత్రిలో మొదటి చీటీయే మీ కేసుకు పునాది. బండి మీద నుంచి పడ్డాడని రాయించమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. మిల్లు పేరు, మిషన్, టైము చెప్పి ఎంఎల్‌సీ (పోలీసులకు, కోర్టుకు పనికొచ్చే ఆసుపత్రి రికార్డు) రాయించండి. అదే రోజు మిషన్ ఫోటోలు తీయండి, చూసినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకోండి. కూలి మూటల లెక్కన చేతికిచ్చే చోట మేస్త్రీ పుస్తకం పేజీ, ఫోన్‌పే చెల్లింపులే జీతానికి రుజువు.

ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే మొదటి రోజే దెబ్బ తగిలినా వైద్యం ఇవ్వాలి, పని చేయలేని రోజులకు వేతనంలో 90 శాతం వస్తుంది. ఈఎస్‌ఐ లేకపోతే పరిహారం యజమాని ఇవ్వాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని ఈ హక్కు ఇప్పుడు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. రెండు చోట్లా తీసుకోవడం కుదరదు. తాత్కాలికంగా పని చేయలేకపోతే ప్రతి 15 రోజులకు నెల జీతంలో 25 శాతం. శాశ్వత నష్టానికి లెక్క ఇలా: జీతంలో 60 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చించి, పోయిన అవయవం శాతం తీస్తారు. 30 ఏళ్ల మనిషికి గుణకం 207.98, చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. నెలకు 12,000 సంపాదిస్తే దాదాపు 2,09,644 రూపాయలు. ఇరవై వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగినప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చెల్లదు.

మేస్త్రీ తెచ్చిన మనిషని మిల్లు తప్పించుకోలేదు. ముందు మిల్లే కట్టి, తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవాలి. నీదే అజాగ్రత్త అన్నంత మాత్రాన కూడా పరిహారం పోదు. తాగి ఉండటం వల్లో, భద్రత కోసం స్పష్టంగా చెప్పిన మాటను కావాలని మీరడం వల్లో, భద్రతా జాలీని కావాలని మీరే తీసేయడం వల్లో దెబ్బ తగిలిందని యజమాని రుజువు చేస్తేనే అడ్డం, అదీ చావు, శాశ్వత పూర్తి వైకల్యం లేని కేసుల్లోనే.

ప్రమాదం సంగతి యజమానికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టు చేయండి. పరిహారం దరఖాస్తు రెండేళ్లలోపు జిల్లా కార్మిక శాఖ కార్యాలయం ద్వారా వేయాలి. లాయరు ఖర్చు భయపెడితే 15100కి ఫోన్ చేయండి: ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.