కొలంబో వెళ్తున్నారా? ఆరోగ్యం, భద్రత విషయంలో ఎలా సిద్ధం కావాలి?

కొలంబోలో దిగితే పరాయి దేశం వచ్చినట్టే ఉండదు. ఎడమ పక్కన నడిచే బళ్లు, ఆటోలు, కొబ్బరి చెట్లు, పొద్దున్నే ఇడియాప్పం. చిక్కంతా అక్కడే. అమెరికా ప్రయాణమంటే మందుల చీటీ దగ్గర్నుంచి ఇన్సూరెన్సు దాకా అన్నీ సర్దుకునే మనం, శ్రీలంక అనేసరికి "పక్కనే కదా" అని చేతులూపుకుంటూ బయల్దేరతాం. అమ్మను తీసుకుని నేనూ అలాగే వెళ్లి, అక్కడ తిప్పలు పడ్డాను.

నెల ముందు: టీకాలు

ఒకసారి డాక్టరును కలవండి. టైఫాయిడ్ టీకా వేయించుకుంటే కనీసం రెండు వారాల ముందే కానివ్వండి, అది పనిచెయ్యడానికి అంత సమయం కావాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటిందేమో చూసుకోండి. విదేశాల్లో పుట్టి పెరిగిన పిల్లలు వెంట వస్తుంటే హెపటైటిస్ ఎ, తట్టు టీకాల సంగతి తప్పకుండా అడగండి. ఎల్లో ఫీవర్ కార్డు ఆ జబ్బున్న దేశాల మీదుగా వెళ్లేవాళ్లకే, హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు అక్కర్లేదు.

వారం ముందు: మందుల సంచి

మా సూట్‌కేసు మాతో రాలేదు, మర్నాడు సాయంత్రం వచ్చింది. అమ్మ బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి. మందుల షాపులో మాత్ర పేరు చెబితే ఆ అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. మనం పిలిచేది కంపెనీ పెట్టిన పేరు, అక్కడ అమ్మేది వేరే కంపెనీ సరుకు. చివరికి అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఓ ఖాళీ షీటు దొరికింది. దాన్ని తిప్పి లైటు కింద పెట్టి చూస్తే, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా." అని ఉంది. రెండు నిమిషాల్లో మందు చేతికొచ్చింది.

అందుకని రోజూ వేసుకునే మందులన్నీ చేతి సంచిలోనే పెట్టుకోండి. ఇన్సులిన్ అయితే మరీనూ, లగేజీలో గడ్డకడితే ఇక పనికిరాదు. చీటీ మీద మందు అసలు పేరు, మోతాదు రాయించుకుని ఫోన్లో ఫొటో తీసుకోండి.

ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు నాలుగు వేసుకోండి. పొడే, డబ్బాలో అమ్మే తియ్యటి పానీయం కాదు. ఆ పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని ఆపింది. ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసుంటే అంతే కలపాలి. లీటరుకి కలపాల్సింది గ్లాసుడు నీళ్లలో కలిపితే మంచికన్నా చెడే ఎక్కువ.

దిగాక: దోమ

కొలంబోలో అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది డెంగీ విషయంలో. 2017లో శ్రీలంకలో లక్షా ఎనభై వేలకు పైగా కేసులొచ్చాయి. ఈ దోమ పగటిపూట కుడుతుంది, పొద్దునపూట, సాయంత్రం చీకటి పడబోయే ముందు మరీ ఎక్కువ. రాత్రి దోమతెర కట్టుకుని, పగలంతా నిక్కరుతో తిరిగితే ఏం లాభం? డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న దోమల క్రీము పొద్దున్నే రాసుకోండి. సన్‌స్క్రీన్ కూడా రాసేవాళ్లు ముందు అది, దాని మీద ఇది. చెమటకి కారిపోతుంది కాబట్టి డబ్బా మీద రాసిన గంటల లెక్క చూసి మళ్లీ రాసుకోవాలి.

ఎండ సంగతీ అంతే. రెంటచింతల ఎండలు చూసినవాళ్లకి 31 డిగ్రీలు లెక్కేం కాదనిపిస్తుంది. కానీ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది, అక్కడి తేమ గాలిలో అది ఆరదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నీడపట్టున ఉండండి.

తిండి, నీళ్లు

కుళాయి నీళ్లు వద్దు, ఐసూ వద్దు. దాహమైతే తంబిలి తాగండి. నారింజ రంగు కొబ్బరి బోండం అది, మీ కళ్లముందే చెక్కి ఇస్తారు. సముద్రపుటొడ్డున గాల్ ఫేస్ దగ్గర రొయ్యలు అద్దిన ఇస్సో వడలు అద్దాల పెట్టెలో పేర్చి ఉంటాయి. చూస్తే నోరూరుతుంది, కానీ పైన ఉన్నది ఎప్పుడు వేయించారో తెలీదు. అప్పుడే మూకుట్లోంచి తీసిన వాయిలోంచి అడగండి. శాకాహారులకు ఇంకో మాట: కొబ్బరి పచ్చడిలా కనిపించే పొల్ సాంబోల్‌లో ఎండుచేప పొడి ఉండొచ్చు, అడిగి తినండి.

రోడ్డు, పట్టాలు, సముద్రం

మీటరు వేసే ఆటో గానీ, పిక్‌మీ యాప్ గానీ వాడండి. ఫోర్ట్ స్టేషన్ నుంచి మౌంట్ లవీనియా వైపు రైలు సముద్రాన్ని ఆనుకునే పోతుంది. ఇసకలోకి వెళ్లాలంటే చాలాచోట్ల పట్టాలు దాటాలి. అలల హోరులో రైలు చప్పుడు వినబడదు, సెల్ఫీల కోసం అక్కడ ఆగొద్దు. మే నుంచి సెప్టెంబరు దాకా ఈ తీరంలో సముద్రం పోటు మీద ఉంటుంది, ఎర్రజెండా కనిపిస్తే దిగనే వద్దు.

వీధికుక్క కరిచినా, గోరు గీరినా పావుగంటసేపు ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఇంటికొచ్చాక చూసుకుందాం అనుకోకూడని విషయం ఇదొక్కటి.

ఒంట్లో బాగోకపోతే

ఫోన్లో ఇప్పుడే రెండు నంబర్లు వేసుకోండి: పోలీసుకి 119, అంబులెన్సుకి 1990. ఈ అంబులెన్సు డబ్బు తీసుకోదు. పేరు సువ సెరియ. 2016లో భారత ప్రభుత్వ సాయంతో మొదలైంది, అప్పుడు దాన్ని నిలబెట్టింది మన 108 నడిపిన జీవీకే ఈఎమ్‌ఆర్‌ఐ వాళ్లే.

జ్వరమొస్తే పారాసెటమాల్ ఒక్కటే వేసుకోండి. బ్రూఫెన్, ఆస్ప్రిన్ లాంటివి వద్దు, డెంగీ అయితే రక్తస్రావం కావచ్చు. గుండెకి రోజూ ఆస్ప్రిన్ వాడేవాళ్లు ఏం చెయ్యాలో బయల్దేరేముందే తమ డాక్టర్ని అడగాలి. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనబడితే గదిలో కూర్చోకండి. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకున్న రోజునే డెంగీ తిరగబెట్టొచ్చు.

డాక్టరుకి ఇండియా నుంచి వచ్చామని మొదటే చెప్పండి. శ్రీలంకను 2016లో డబ్ల్యూహెచ్‌వో మలేరియా లేని దేశంగా ప్రకటించింది, కాబట్టి పాడేరు వైపు తిరిగొచ్చిన మనిషిలో మలేరియా ఉంటే అది మనం మోసుకెళ్లిందే. తిరిగొచ్చిన రెండు వారాల్లో జ్వరం తగిలితే ఇక్కడి డాక్టరుకీ కొలంబో వెళ్లొచ్చామని చెప్పండి.