తక్కువ ఖర్చుతో ఉత్తర అండమాన్ చూసి రావడం ఎలా?

అండమాన్ అనగానే ఎక్కువమంది హేవ్‌లాక్, నీల్ దీవులతో సరిపెట్టే ప్యాకేజీ తీసుకుంటారు. ఆ రెండూ బాగుంటాయి, కానీ ఖర్చులో సింహభాగం రిసార్టులకూ ప్రైవేటు క్రూయిజ్‌లకూ పోతుంది. అదే డబ్బుతో రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ మీదుగా ఉత్తర అండమాన్ దాకా తాపీగా వెళ్ళి రావచ్చు. అక్కడి జనం ఎక్కే పడవ, బస్సు మనమూ ఎక్కితే చాలు. కావలసింది డబ్బు కంటే సెలవులు. పది రోజులకు తక్కువైతే ఈ దారి పెట్టుకోకండి.

1. ముందు నెల, తర్వాత టికెట్

డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నిలకడగా ఉంటుంది. మే నుంచి వానలు మొదలవుతాయి, పడవలు ఎప్పుడు రద్దవుతాయో చెప్పలేం. తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూడాలనుకుంటే జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు.

భారతీయులకు సాధారణ ప్రాంతాలకు ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం ఒరిజినల్, రెండు మూడు జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. పడవ టికెట్ దగ్గర నుంచి లాడ్జి దాకా అడుగుతూనే ఉంటారు.

2. విశాఖ నుంచి ఓడ, లేదా చెన్నై నుంచి విమానం

విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఉంది. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మాటల్లో ఇంకా పాత పేరే వినిపిస్తుంది. ఓడ సుమారు నెలకొకసారి బయలుదేరుతుంది, చేరడానికి రెండున్నర రోజుల దాకా పడుతుంది. తేదీలు ముందే ప్రకటిస్తారు. మీ సెలవులకు ఓడ కుదరదు, ఓడ తేదీలకే మీ సెలవులు కుదుర్చుకోవాలి.

అన్నిటికంటే చవకైనది బంక్ క్లాస్. పెద్ద హాల్లో కిందా పైనా పడకలు వరసగా ఉంటాయి. రెండు దుప్పట్లు, సంచికి తాళం, చెవుల్లో పెట్టుకునే దూది, వాంతి రాకుండా వేసుకునే మాత్రలు పెట్టుకోండి. క్యాంటీన్ ఉంటుంది, అయినా మొదటి రోజుకు పులిహోర, ఆ తర్వాత నమలడానికి చేగోడీలు ఉంటే ప్రాణం లేచొస్తుంది. మొదటి రాత్రి కడుపులో తిప్పినట్టుంటే కింద పడుకుని ఉండిపోకుండా డెక్ మీదకు వచ్చి గాలి పీల్చుకోండి. ఓడ అంటే టెన్షన్ అయితే చెన్నై నుంచి విమానం ఉంది, ముందుగా కొంటే భారం కాదు. వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోవడం నా దృష్టిలో మంచి పద్ధతి.

దిగాక భాష భయం అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వంద మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ బజారులో తెలుగులో అడిగి చూడండి, ఎవరో ఒకరు పలుకుతారు. మిగతా చోట్ల హిందీ సరిపోతుంది.

3. ఉత్తరానికి వెళ్ళే దారి ఆలోచించి ఎంచుకోండి

ఇది ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం. అండమాన్ ట్రంక్ రోడ్డు పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అయితే జిర్కటాంగ్ చెక్‌పోస్టు దాటాక ఆ రోడ్డు జరావా అనే ఆదివాసులకు కేటాయించిన రిజర్వు అడవి మధ్యనుంచి పోతుంది. జరావాలు మొత్తం కలిపి కొన్ని వందల మందే. బయటివాళ్ళ నుంచి సోకే మామూలు తట్టు కూడా వాళ్ళ ప్రాణాల మీదకు తెస్తుంది. ఈ భాగాన్ని మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా వాహనాలు ఇంకా తిరుగుతున్నాయి. పోలీసు కాన్వాయ్‌గా, నిర్ణీత వేళల్లో మాత్రమే వదులుతారు. ఆపడం, ఫోటో తీయడం, తినడానికి ఏమైనా ఇవ్వడం నేరం, జైలు శిక్ష ఉంది.

కొందరు ట్రావెల్స్ వాళ్ళు “దారిలో ఆదివాసులు కనిపిస్తారు” అని ఆశ చూపి టికెట్లు అమ్ముతారు. అలాంటి మాట విన్న చోట బేరం ఆపేయండి. మనుషులను చూడటానికి టికెట్ కొనే ప్రయాణం చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆ అడవిలో అడుగు పెట్టకుండానే ఉత్తరానికి చేరే దారి ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ప్రభుత్వ పడవలు హేవ్‌లాక్, లాంగ్ ఐలాండ్ మీదుగా రంగత్ వెళ్తాయి. అక్కడి నుంచి పైకి బస్సు. తిరిగి వచ్చేటప్పుడు డిగ్లీపూర్ దగ్గరి ఏరియల్ బే జెట్టీలో రాత్రి పడవ ఎక్కితే తెల్లారేసరికి పోర్ట్ బ్లెయిర్. రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది. ఈ పడవలు వారంలో కొన్ని రోజులే ఉంటాయి, టికెట్లు కొద్ది రోజుల ముందు మాత్రమే ఇస్తారు. అందుకని ఊరు చేరిన రోజే ముందు కౌంటర్‌కు వెళ్ళండి, గది తర్వాత చూసుకోవచ్చు. పొద్దున్నే క్యూలో నిలబడితే పని అవుతుంది.

4. రంగత్ నుంచి బస్సులో

లాంగ్ ఐలాండ్‌లో దిగి ఒక రాత్రి ఉండగలిగితే లాలాజీ బే అనే బీచ్ చూడవచ్చు. అడవి దారిలో నడిచి గానీ చిన్న పడవలో గానీ వెళ్ళాలి. రంగత్ దగ్గర ధనినాలా మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ సముద్రం దాకా వెళ్ళవచ్చు.

రంగత్ నుంచి మాయాబందర్ డెబ్బై కిలోమీటర్ల చిల్లర, అక్కడి నుంచి డిగ్లీపూర్ ఇంకో ఎనభై దాకా. బస్సులు తెల్లవారుజామునే బయలుదేరతాయి. ఇక్కడ పొద్దు మనకంటే చాలా ముందు పొడుస్తుంది, సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, కాబట్టి ముందురోజే సీటు అడిగి పెట్టుకోండి. మాయాబందర్ దగ్గర వెబీ అనే ఊళ్ళో 1920లలో బర్మా నుంచి వచ్చి స్థిరపడ్డ కరెన్ జాతి వాళ్ళున్నారు. తర్వాత ఆస్టిన్ జలసంధి మీది వంతెన దాటితే ఉత్తర అండమాన్ మొదలు.

దారిలో ఎక్కువ హోటళ్ళు బెంగాలీలవి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు ఇక్కడ భూములిచ్చారు. అన్నం, పప్పు, చేప ముక్క పెట్టే మధ్యాహ్న భోజనం చవకగా, కడుపునిండా దొరుకుతుంది. నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. పైకి వెళ్ళేకొద్దీ ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ పోతే ఫోన్ పేమెంట్లు పనిచేయవు.

5. డిగ్లీపూర్‌లో కనీసం మూడు రోజులు

మకాం బజారులో కాకుండా కాలీపూర్ వైపు పెట్టుకోండి. అక్కడి సముద్రపు ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుంది. నాలుగు రకాల తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి అటవీశాఖ వాళ్ళతోనే వెళ్ళండి. తాబేలు వెనక కాళ్ళతో, ఒకసారి ఎడమ కాలు, ఒకసారి కుడి కాలు, చారెడు చారెడు ఇసుక తోడి లోతుగా గుంట చేస్తుంది. ఆ సమయంలో టార్చి వేసినా, ఎదురుగా నిలబడినా గుడ్లు పెట్టకుండానే నీళ్ళలోకి తిరిగిపోవచ్చు. వెనక వైపు, దూరంగా, ఫోన్ లైటు ఆపేసి కూర్చోండి.

రాస్, స్మిత్ దీవులకు ఏరియల్ బే నుంచి పడవలో వెళ్ళాలి. అటవీశాఖ అనుమతి అక్కడే ఇస్తారు. పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న రాస్ వేరు, ఇది వేరు. రెండు దీవులను కలిపే ఇసుక దారి ఆటు వేళ తేలుతుంది, పోటు వేళ మునుగుతుంది. వేళలు పడవ వాళ్ళను అడిగి బయలుదేరండి. పడవ మొత్తానికి కలిపి ఛార్జీ తీసుకుంటారు గనక జెట్టీ దగ్గర ఇంకో ఇద్దరు ముగ్గురిని జత చేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

నడక అలవాటున్నవాళ్ళకు 732 మీటర్ల శాడిల్ పీక్ ఉంది. అండమాన్‌లో అదే ఎత్తయిన శిఖరం. లామియా బే నుంచి తెల్లవారగానే బయలుదేరి, ఒక్కొక్కరు కనీసం మూడు లీటర్ల నీళ్ళతో వెళ్ళండి. మధ్యాహ్నం లోపు పైకి చేరలేమనిపిస్తే వెనక్కి తిరగండి.

కాలువలు సముద్రంలో కలిసే చోట్ల, మడ అడవుల పక్కన నీళ్ళలో దిగకండి. ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి, మనుషులు చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి. బోర్డు లేదు కదా అని ధైర్యం చేయొద్దు, ఊరివాళ్ళను అడగండి. గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో వేసుకోకండి. పగడాలు తీసుకెళ్తే వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది, విమానాశ్రయంలో సంచి తనిఖీలో దొరుకుతాయి.

6. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు ఖాళీ

డిగ్లీపూర్ నుంచి వచ్చే పడవ గాలివాన వల్ల ఒక రోజు ఆలస్యం కావచ్చు. అందుకని విమానం టికెట్‌కు ముందు పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రోజులు అట్టిపెట్టండి. పడవ సమయానికి వస్తే ఒక పూట సెల్యులర్ జైలుకు, ఇంకో పూట బస్సులో ఊరికి దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న చిడియా టాపుకు వెళ్ళవచ్చు.